ప్లీడరు ఎడం చెయ్యి

ఆ ఇనప కుర్చీలో కూర్చుని హంతకుణ్ణి కనిపెట్టినవాడు నెరెయోనే అని నాకు మొట్టమొదట చెప్పింది మంగలి మెలిటోన్. అప్పటికి వాడు నా గడ్డం ఒక చెంపే గీశాడు. ఆ మాట చెవిన పడగానే రెండో చెంప మీద సబ్బు నురగతోనే, మెడ చుట్టూ వాడి తువ్వాలుతోనే లేచి ఇంటికొచ్చేశాను. మిగిలిన చెంప అద్దం ముందు నిలబడి నేనే గీసుకున్నాను. తెగింది. ఆ తువ్వాలు ఇంకా నా దగ్గరే ఉంది. అడిగినా ఇవ్వను.

కుర్చీ గొడవ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నేను వయసులో ఉన్నప్పుడు మా తంబొరిల్ ఊళ్ళో పొగాకు గిడ్డంగి వెనక ఖాళీ జాగాలో సినిమా ఆడేది. పైన కప్పు లేదు. జాగా నడిమధ్య రెండు గుంజలకి పెద్ద తెల్లగుడ్డ కట్టి, బొమ్మ రెండు పక్కలకీ కనబడాలని దాని మీద బకెట్లతో నీళ్ళు కొట్టేవాళ్ళు. గుడ్డ ముందు ఇనప కుర్చీలు. వాటిలో షావుకార్లు, వాళ్ళ ఆడవాళ్ళు, పోలీసు కెప్టెను. గుడ్డ వెనక అరటికాయల పెట్టెలు బోర్లించుకుని మిగతా జనం. ఇప్పుడు ఆ జాగాలో పార్కు వేస్తున్నారు. ఆనాటి కుర్చీల్లో ఒక్కటే మిగిలింది, మొదటి వరసది. దాన్ని పార్కులో పాతి, దాని వీపుకి ఇత్తడి రేకు కొట్టి, 'పళ్ళ డాక్టరు సినిమా' ఆడిన రోజున అందులో కూర్చుని హంతకుణ్ణి కనిపెట్టిన మనిషి పేరు చెక్కిస్తామని మా బడి టీచరమ్మ క్లోతిల్దె చాటింపు వేసింది. ఆ సినిమా చివరి రీలు మా ఊరికి రానే లేదు. మళ్ళీ ఆ సినిమా ఎవరి కంటా పడలేదు కూడా. అయినా తంబొరిల్ వాడొకడు రీలు రాకముందే హంతకుడెవరో చెప్పేశాడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇప్పటికీ చెప్పుకుంటాయి. ఆ ఒకడు ఎవడన్నదే తగువు.

తగువేమిటి, నేనే.

అందుకని ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నేరుగా ఉర్బానా కొట్టు అరుగు మీదకి వెళ్ళాను. ఊరి పెద్దలంతా అక్కడే డామినో ఆడతారు. టీచరమ్మ ఉంది. మెలిటోన్ ఉన్నాడు, వాడి వైపు చూడలేదు. నెరెయో కూడా ఉన్నాడు. వాడి కూతురి జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడింది నేనే గనక, మా ఇద్దరికీ ఎంత పడకపోయినా ఒకరినొకరు 'కొంపాద్రె' అనుకోక తప్పదు. అక్కడ నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క ముక్క కలపలేదు.

"టీచరమ్మా," అన్నాను, "నేను పెద్దగా చేసిందేమీ లేదు. సినిమాకి వెళ్ళాను. మొదటి వరసలో, ఆ మిగిలిన కుర్చీలోనే కూర్చున్నాను. హంతకుడు ఫలానా అన్నాను. లేచి ఇంటికొచ్చాను. అంతే."

"అంతేనట!" అన్నాడు నెరెయో. "మరి గొంతెందుకు సవరించుకుంటున్నావు కొంపాద్రె? మా కాఫీలు చల్లారిపోతాయి, కాస్త తొందరగా కోసెయ్."

"కోసేవాళ్ళు వేరే ఉన్నారు," అని నేను మెలిటోన్ వైపు చూడకుండానే నా చెంప మీది గాటు తడుముకున్నాను. "విను టీచరమ్మా, నువ్వప్పటికి పుట్టలేదు. సినిమా మొదట్లో ఏవో అక్షరాలు వచ్చాయి, వాటితో నాకు పేచీ లేదు, వాటి దారిన అవి పోయాయి. ఒక పెద్ద మేడ. బయట కుండపోత. పళ్ళ డాక్టరు, వాడి అత్తగారు ఆ ఇంటికి భోజనానికొచ్చి వానకి చిక్కుకుపోయారు. ఇంటాయన సూపు గిన్నె ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, వీపులో కత్తి. ఇక చూడు, పోలీసు వచ్చేలోపల డాక్టరూ అత్తగారూ కలిసి పరిశోధన మొదలెట్టారు. వీడు కనబడ్డవాడినల్లా నోరు తెరవమంటాడు, ఆవిడ కనబడ్డ గిన్నెలోదల్లా రుచి చూస్తుంది. పిప్పి పన్ను ఉన్నవాడు అబద్ధం చెప్పలేడని వాడి సిద్ధాంతం. ఉప్పు తక్కువైన ఇంట్లోనే హత్యలు జరుగుతాయని ఆవిడ సిద్ధాంతం. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. ఎందుకో తెలుసా?"

"పళ్ళు లేక," అన్నాడు మెలిటోన్.

"అప్పుడు ఉన్నాయి! నవ్వలేదెందుకంటే నేను పనిలో ఉన్నాను. అక్కడ చంపగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు చచ్చినాయన మేనల్లుడు, రెండోవాడు ఆస్తి కాగితాలు చూసే ప్లీడరు. అంతలో పోలీసు డాక్టరొచ్చి, శవాన్ని చూసి, గట్టిగా, ఊరంతా వినేట్టు అన్నాడు, 'పొడిచినవాడు ఎడంచేతివాడు' అని. ఇక నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడంచేతివాళ్ళ వాసన నేను దూరాన్నుంచే పడతాను. చుట్టల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు నా పక్క బల్ల ఎవరిది? ఈ నెరెయోది. ఎడంచేతివాడు! నేను ఆకు పరిచి చుట్టబోతానా, వాడి మోచెయ్యి నా డొక్కలో. నేను చుట్ట కొస కత్తిరించబోతానా, వాడి మోచెయ్యి. ఇదిగో, ఈ ఎముక ఇప్పటికీ లోపలికే ఉంది."

"ఆ ఎముక నీ భార్య వంటకి లోపలికి పోయింది," అన్నాడు నెరెయో. అందరూ నవ్వారు. మా ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది, ఆవిడ వంట ఎలా ఉండేదో నాకు తెలుసు, అయినా ఆ మాట నేను మరిచిపోను.

"సరే, అప్పుడు ప్లీడరు లేచాడు. జేబులోంచి చుట్ట తీశాడు. అగ్గిపుల్ల గీశాడు. ఏ చేత్తో గీశాడు? ఎడం చేత్తో! మేనల్లుడో, పాపం కాఫీలో పంచదార కుడి చేత్తో కలుపుకుంటున్నాడు. నేను కుర్చీలోంచి లేచి 'ప్లీడరే!' అని అరిచాను."

"ఆగాగు," నెరెయో చేతిలో డామినో ముక్క బల్ల మీద కొట్టాడు. "ముందు 'ప్లీడరే' అని అరిచింది నేను. నువ్వు నా వెనక అందుకున్నావు. నేనూ మొదటి వరసలోనే ఉన్నాను, ఆ కుర్చీలోనే. వాడు ఎడం చేత్తో పుల్ల గీయడం చూసి, నాలాంటివాడే అని నేనే గుర్తుపట్టాను. ఎడంచేతివాణ్ణి ఎడంచేతివాడే పడతాడు."

"ఒక కుర్చీలో ఇద్దరా?" అంది టీచరమ్మ.

"ఒక్కడే, అది నేనే," అన్నాం ఇద్దరం.

ఇక్కడితో ఆపి ఉంటే రేకు మీద నెరెయో పేరే పడేదని నాకు అర్థమైంది. వాడికి అరిచిన సంగతి వరకే తెలుసు. తర్వాత జరిగింది నాకు మాత్రమే తెలుసు. అది ఇన్నాళ్ళూ మర్యాదకి చెప్పలేదు. ఆ రోజు చెప్పక తప్పలేదు.

"అరవడం ఎవడైనా అరుస్తాడు," అన్నాను. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గొంతు వినగానే తెర మీద ప్లీడరు ఆగిపోయాడు. చుట్ట నోట్లోంచి జారింది. నా వైపు చూశాడు, సూటిగా. పళ్ళ డాక్టరు కూడా తిరిగి, చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని, 'ఎవరండీ అక్కడ?' అన్నాడు. 'అనిసెటోని' అన్నాను. 'సరిగ్గా చూశారా?' అంది అత్తగారు. 'అమ్మా, నేను అబద్ధం చెబితే నీ సూపు తాగి చస్తాను' అన్నాను. అంతే, ప్లీడరు ఒక్క ఉరుకు ఉరికాడు! బల్ల మీంచి కిటికీ మీదకి, కిటికీలోంచి తెర అంచుకి, తెర అంచు మీంచి మన పొగాకు తోటలోకి!"

"వామ్మో," అన్నాడు మెలిటోన్.

"పోలీసు కెప్టెను ఏం చేశాడు?" అని అడిగింది టీచరమ్మ.

"ఏం చేస్తాడు, టోపీ వెతుక్కున్నాడు. నేను నా కంచరగాడిద మీద ఎక్కి వెంటపడ్డాను. మీరంతా అదేదో కష్టమనుకుంటారు. ఏం కష్టం? వాడు సినిమా మనిషి. నలుపు తెలుపు మనిషి! పచ్చటి పొగాకు తోటలో నలుపు తెలుపు మనిషి ఎక్కడ దాక్కుంటాడు? ఏ ఆకు చాటున నక్కినా మల్లెపువ్వులా కనబడతాడు. వాడికీ తెలిసింది, ఏటికి అడ్డం పడ్డాడు. ఏరు వరద మీదుంది. నా గాడిద దూకింది, నేను దూకాను, నడి ఏట్లో వాడి కాలర్ దొరికింది. పట్టుకుంటే ఏమిటి, మనిషి చల్లగా, పల్చగా, ఉతికిన దుప్పటిలా ఉన్నాడు! తడిగుడ్డ మీంచి ఊడొచ్చినవాడు కదా. ఈ చివర నేను పట్టుకున్నాను, ఆ చివర గాడిద పళ్ళతో పట్టుకుంది, ఇద్దరం కలిసి నీళ్ళు పిండి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని గట్టెక్కాను."

నెరెయో డామినో ఆట మానేశాడు. వాడి నోరు తెరుచుకుని ఉంది. పళ్ళ డాక్టరు చూస్తే సంతోషించేవాడు.

"గట్టు మీద ఏం కనబడింది? శాంతియాగో పట్నం నుంచి మన ఊరికి చివరి రీలు తెస్తున్న బస్సు! వరదకి ఆగింది. డ్రైవరు దిగి, మర్యాదగా, 'దోన్ అనిసెటో, ఏరు దాటించే దారి ఏదైనా ఉందా, ఇందులో హంతకుడున్నాడు' అన్నాడు. 'ఇందులో లేడు నాయనా, ఇదిగో నా చంకలో ఉన్నాడు, నువ్వు వెనక్కి పో' అన్నాను. వాడు వెనక్కి పోయాడు. మీరంతా చివరి రీలు వరద వల్ల రాలేదనుకుంటున్నారు. వరద వల్ల కాదు. అవసరం లేక రాలేదు."

అరుగంతా గొల్లుమంది. నవ్వితే నవ్వనీ. నవ్వేవాళ్ళు వింటారు.

"వచ్చి, ప్లీడర్ని దులిపి, తెర మీద వేశాను. కంగారులో మొదట తలకిందులుగా పడ్డాడు, మళ్ళీ తీసి సరిగ్గా వేశాను. వాడి బూట్లకి మన ఏటి బురద. ఆ సినిమా ఎక్కడైనా దొరికితే చూడండి, చివరి సీనులో వాడి బూట్లు బురదగా ఉంటాయి. ఆ మేడలో బురదెక్కడిది? మనది! పళ్ళ డాక్టరు తెర అంచుదాకా వచ్చి టోపీ తీశాడు. అత్తగారు గిన్నెడు సూపు బయటికి చాపింది. వేడిగా ఉంది గానీ రంగు లేదు, నేను ముట్టలేదు. తర్వాత ఆ సినిమా కంపెనీ వాళ్ళు మనిషిని పంపి నా కాళ్ళావేళ్ళా పడ్డారు. 'దోన్ అనిసెటో, హత్యల సినిమా ఆడినప్పుడు దయచేసి మీరు ఇంటర్వెల్ అయ్యాక రండి, మా వ్యాపారం సాగాలి' అని. నేను పెద్దమనసుతో ఒప్పుకున్నాను. అందుకే మళ్ళీ ఏ సినిమా నేను మొదటి నుంచి చూడలేదు. ఇంత త్యాగం చేసిన మనిషి పేరు రేకు మీద ఉండాలా, మోచెయ్యి పొడిచిన మనిషి పేరా, నువ్వే చెప్పు టీచరమ్మా."

టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ ఏదో అనబోయింది. అప్పుడు కొట్టు గుమ్మంలోంచి ఉర్బానా వచ్చింది. చేతిలో వేరుశనగ గింజల పళ్ళెం. ఆ రోజుల్లో సినిమా జాగాలో వేరుశనగ గింజలమ్మింది ఈ ఉర్బానాయే. అప్పుడు సన్నగా ఉండేది, ఇప్పుడు గుమ్మం నిండా ఉంటుంది.

"అనిసెటో," అంది, "గాడిద, ఏరు, దుప్పటి, అదంతా నేను నమ్మాను. ఒక్కటే అడుగుతాను. ప్లీడరు పుల్ల గీసింది ఏ చేత్తో?"

"ఎడం చేత్తో. చెప్పాను కదా."

"నువ్వు కళ్ళారా చూశావా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"నెరెయో, నువ్వో?"

"ఎడం చేత్తోనే దోన్యా ఉర్బానా," అన్నాడు నెరెయో. "ఈ ఒక్క విషయంలో వీడు నిజం చెబుతున్నాడు. నేను కూడా ఒట్టేస్తాను."

ఉర్బానా పళ్ళెం బల్ల మీద పెట్టింది. నా గడ్డం పట్టుకుని గాటున్న చెంప వెలుగు వైపు తిప్పింది. ముసలివాణ్ణి నలుగురి ముందు అలా పట్టుకోవడం ఏం మర్యాదో.

"ఇదెప్పుడు తెగింది?"

"ఇంట్లో. అద్దం ముందు గీసుకుంటుంటే."

"కత్తి ఏ చేత్తో పట్టుకున్నావు?"

"కుడి చేత్తో. నేనేమైనా నెరెయోనా?"

"మరి అద్దంలో నీ ఎదురుగా నిలబడ్డ ముసలాడు? వాడు ఏ చేత్తో పట్టుకున్నాడు?"

నేను గాలిలో కత్తి పట్టుకున్నట్టు చెయ్యెత్తి ఆలోచించాను. టీచరమ్మ కూడా చెయ్యెత్తింది. డామినో ఆడేవాళ్ళంతా చేతులెత్తారు, బడిలో పిల్లల్లా.

"వాడు... ఎడం చేత్తో," అన్నాను.

"కదా? తెర వెనక కూడా అంతే. ముందు నుంచి చూస్తే కుడి అయింది వెనక నుంచి చూస్తే ఎడమ అవుతుంది. ఆ జాగాలో గుడ్డకి రెండు పక్కలా తిరిగిందాన్ని నేనొక్కదాన్నే. నెత్తి మీద పళ్ళెం పెట్టుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ముందు పక్కకొస్తే ప్లీడరు కుడి చేత్తో చుట్ట తాగుతున్నాడు, వెనక పక్కకెళితే ఎడం చేత్తో తాగుతున్నాడు. అసలు ఎడంచేతివాడు మేనల్లుడు. కుర్చీల్లో వాళ్ళంతా వాడే హంతకుడని గుసగుసలాడారు. 'ప్లీడరే' అని అరిచింది వెనక పెట్టెల మీద కూర్చున్న జనం." ఆవిడ నడుం మీద చేతులేసుకుంది. "కుర్చీలో కూర్చున్నవాడెవడూ ప్లీడరు ఎడం చేత్తో పుల్ల గీయడం చూడలేడు. నువ్వూ చూశానన్నావు, వీడూ చూశానన్నాడు. ఇద్దరూ ఒట్టేశారు. అనిసెటో, నీ హంతకుడు దొరకలేదు గానీ నువ్వు దొరికావు. మీ ఇద్దరూ పెట్టెల మీదే కూర్చున్నారు, నా దగ్గర గింజలు కొనుక్కుని, పొట్టు ఒకరి మీద ఒకరు ఊదుకుంటూ."

అందరూ ఎంత నవ్వారంటే కొట్టులో సీసాలు మోగాయి. నెరెయో డామినో ముక్కలు ఏరుకుంటున్నట్టు బల్ల కిందకి వంగి, అక్కడే ఉండిపోయాడు.

"మరి ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు దోన్యా ఉర్బానా?" అని అడిగింది టీచరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"పొగాకు షావుకారు. శవం పడకముందే గుర్రుపెట్టాడు."

ఆ మాట విని బల్ల కింద నుంచి నెరెయో బయటికొచ్చాడు. "అయితే నిద్రపోయినవాడి పేరు చెక్కిస్తారా?" అన్నాడు.

"అదే నేనూ అడుగుతున్నాను," అన్నాను. కార్ఖానా రోజుల నుంచి ఇప్పటిదాకా నేను వాడి మాట ఒప్పుకోవడం అదే మొదలు. చివరిది కూడా అదే కావాలని కోరుకుంటున్నాను.

టీచరమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు. రేకు ఖాళీగా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను వెనక కూర్చున్నానని ఒప్పుకోవడం లేదు, అది ఉర్బానా అన్న మాట. కానీ లెక్క ప్రకారం చూడండి. గుడ్డ ముందు రెండు వరసల కుర్చీలు, అందులో ఒకడు నిద్ర. గుడ్డ వెనక ఊరు ఊరంతా. చుట్టలు చుట్టినవాళ్ళం, తోట కోసినవాళ్ళం, బట్టలుతికినవాళ్ళం, ఆఖరికి ఆ గుడ్డ మీద బకెట్లతో నీళ్ళు కొట్టినవాళ్ళం కూడా మేమే. ఇంతమంది ఒక్కసారిగా ప్లీడరు ఎడం చెయ్యి చూశాం. ఇంతమంది చూసింది వెనక ఎలా అవుతుంది? ఎటు జనం ఎక్కువుంటే అదే ముందు.

కనుక పార్కు కట్టించేవాళ్ళు గానీ, సినిమాల సంగతి తెలిసినవాళ్ళు గానీ ఎవరైనా దీన్ని సరిచేయండి. కుర్చీని మీ ఇష్టం వచ్చినట్టు పాతుకోండి. దాని ఎదురుగా, గుడ్డ కట్టిన చోటుకి అవతల, ఒక అరటికాయల పెట్టె సిమెంటుతో చేయించి బోర్లించండి. దాని మీద 'హంతకుడు ప్లీడరే' అని రాయించండి. కింద నా పేరు రాయించండి. మరీ తప్పదనుకుంటే నెరెయో పేరు కూడా రాయించండి, కానీ నా పేరుకి ఎడం పక్కన రాయించండి. కుడి పక్కన రాయిస్తే వాడి ఎడం మోచెయ్యి మళ్ళీ నాకే తగులుతుంది.